మా సడ్డకుడు విన్న చప్పుళ్లు

జగిత్యాలలో చాయ్ కప్పులు ఈమధ్య మరీ చిన్నవైపోయాయి. కాగితపు కప్పు, రెండు గుక్కలు, అంతే. ఎదుటి మనిషి ఎట్లున్నావని అడిగేలోపు చాయ్ అయిపోతుంది, బాగున్నానని అబద్ధం చెప్పే శ్రమ కూడా మనకు తప్పిపోతుంది. మొన్న మెకానిక్ షెడ్డులో కుంటి స్టూలు మీద కూర్చుని ఆ రెండో గుక్క తాగుతూ ఇదే ఆలోచిస్తున్నాను. ఇంజను పని చేయించినప్పటి నుంచి మా పాత జీపులో ఏదో చప్పుడు. అది పట్టుకోమని నేను రావడం, ఏమీ లేదని మెకానిక్ పంపడం, అలవాటుగా మారింది. ఈసారీ దొరక్కపోతే జీపు అమ్మేస్తానని మా ఆవిడకు మాటిచ్చి వచ్చాను.

ఆ జీపు నేనూ మా సడ్డకుడూ, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, కలిసి కొన్నది. నేను జగిత్యాలలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి, ఆయనది కోరుట్లలో బట్టల కొట్టు. పుట్టి పెరిగింది మాత్రం సిరిసిల్లలో, సాంచెల మోత మధ్య. ఆ మరమగ్గాలన్నీ కలిసి నాకు ఒకటే హోరు. ఆయనకు మాత్రం అన్నం తింటూనే ఏ సాంచె కుంటుతున్నదో తెలిసిపోయేది.

జీపు షెడ్డులోంచి బయటపడ్డప్పుడల్లా ఆ చెవిని నమ్ముకుని కోరుట్లలో ఆయన్ను ఎక్కించుకోవడం, సిరిసిల్ల దాకా పోయి రావడం మా ఆనవాయితీ. దారిలో ఆపించి, పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. నా గుండెను ఏ డాక్టరూ అంత శ్రద్ధగా వినలేదు. ఒకసారి ఇంజను పోయిందని నేను హడలిపోతుంటే తాపీగా కళ్లు తెరిచి, “గిది ఇంజన్ కాదన్నా, సైలెన్సర్ పట్టీ లూజైంది. ఇంజన్ పోతె గింత మర్యాదగ చెప్తదా?” అన్నాడు.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. మేం మాత్రం అన్నేళ్లలో ఒకరి మంచిచెడ్డలు ఒకరం అడిగిన గుర్తు లేదు. టకటకమంటే టాపెట్లు, గరగరమంటే బేరింగు, కీచుమంటే బెల్టు; మా ముచ్చటంతా ఇదే. ఆయన ఒంట్లో బాగాలేదన్న సంగతి కూడా నాకు మా ఆవిడే చెప్పింది. జీపులో ఆ ప్రస్తావన రాలేదు. తర్వాత ఎక్కువ రోజులు లేడు.

మొన్న మెకానిక్ విసిగిపోయి, కోరుట్ల దాకా పోయి చూద్దామని తనే పక్కన కూర్చున్నాడు. రోడ్డు నున్నగా ఉంది, మమ్మల్ని దాటిపోయే కార్లు చప్పుడే చేయడం లేదు. వాటిలో ఏదైనా తేడా వస్తే ముందర చిన్న దీపం వెలుగుతుందట. దీపం గురించి ఇద్దరు మనుషులు సిరిసిల్ల దాకా ఏమని వాదించుకుంటారు?

కోరుట్లలో బట్టల కొట్టు ముందు బండి దానంతటదే నెమ్మదించింది. అందులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

“గీడ ఎవలన్న ఎక్కుతరా సార్?” అన్నాడు మెకానిక్.

ఎవరూ లేరని గేరు మార్చాను. అక్కడి నుంచే వెనక్కి తిప్పాను. షెడ్డు ముందు దిగి, మెకానిక్ బానెట్ ఎత్తకుండానే చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

“బండిల ఏం సప్పుడు లేదు సార్. చాయ్ తాగబుద్ధయితే ఉత్తగనే రాండ్రి, గా జీపును సతాయించకుండ్రి.”