దొంగని అండీ అనని గొంతు

తలుపు అలారాలు తయారుచేసే ఆ రేకుల షెడ్డులో ఆమెను అందరూ సైరనక్క అంటారు. పని వైర్లకు టంకం పెట్టడం. పేరు మాత్రం గొంతు వల్ల వచ్చింది. చిన్నప్పుడే బడి మానేసి పనిలో చేరిన నాటి నుంచీ ఆమె విన్నది ఒకటే మాట, "కాస్త మెల్లగా మాట్లాడవే!" అని. తల్లి అంది, అత్త అంది. తాపీ పని చేసే మొగుడైతే, "నువ్వు నా చెవిలో గుసగుసలాడితే వీధి చివరివాడు ఊఁ కొడుతున్నాడే" అనేవాడు. మెల్లగా మాట్లాడాలని ఆమె ప్రయత్నించకపోలేదు. నాలుగు రోజులకే కడుపుబ్బరం పట్టుకుంది.

అలాంటి గొంతే షెడ్డును నిలబెట్టింది. మొదట్లో షెడ్డు యజమాని ఎవరో పాటలు పాడే అమ్మాయిని పిలిపించి, అలారంలో "దయచేసి తలుపు ముట్టుకోకండి" అనిపించాడు. సైరనక్క విని ఊరుకోలేదు.

"మనం దొంగని పొమ్మంటున్నామా, రమ్మంటున్నామా సారూ? ఈ పిల్ల మాట వింటే వాడు బుద్ధిగా చెప్పులు విప్పి మరీ లోపలికొస్తాడు."

"నువ్వైతే ఏమంటావో అను చూద్దాం."

"ఎవడ్రా అది? తియ్యరా చెయ్యి!"

ఆ అరుపుకి బయట గేటు తీయబోతున్న కరెంటు మీటరు మనిషి రెండు చేతులూ పైకెత్తేశాడు. అప్పటి నుంచి ఊళ్లో ఏ కొట్టు షట్టరు మీద చెయ్యి పడినా అలారంలోంచి అరిచేది ఆమె గొంతే.

ఈమధ్య ఒక ఏజెంటు వచ్చాడు. సముద్రానికి అవతల దేశంలో కొట్లు, గోదాములు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయనీ, కాపలా మనుషులు దొరకడం లేదనీ, అలారాలు ఎన్ని పంపినా అమ్ముడుపోతాయనీ చెప్పాడు. యజమాని మొహం వెలిగిపోయింది.

"సరుకు బాగుంది. గొంతొక్కటే మార్చాలి," అన్నాడు ఏజెంటు. "వాళ్ల భాషలో, నెమ్మదిగా ఉండాలి. అక్కడివాళ్లు మర్యాదస్తులు."

"దొంగలు కూడానా?" అంది సైరనక్క.

షెడ్డంతా ఘొల్లుమంది. ఏజెంటు నవ్వలేదు. యజమాని నేల చూపులు చూశాడు. "స్టూడియోలో చేయిద్దాంలే అక్కా. నీకు వాళ్ల భాష రాదు కదా."

సైరనక్క టంకం కడ్డీ పక్కన పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక తన గొంతు అక్కరకొచ్చింది ఈ ఒక్క చోటే. ఇక్కడా నోరు మూసుకోమంటే ఇక అది ఎందుకు?

"రాకపోతే నేర్పండి. చిలక్కి నేర్పితే అనడం లేదా?"

ఏజెంటు విసుక్కుంటూనే ఆ భాషలో ఒక వాక్యం చెప్పాడు. ఆమె నోరు తిరిగేదాకా పలికింది. తర్వాత అడిగింది, "ఇంతకీ అర్థమేంటి?"

"అయ్యా, తమరెవరు? దయచేసి తలుపు వదలండి."

సైరనక్క లేచి నిలబడింది. "నన్ను ఒసే, ఏమే అన్నవాళ్లని కూడా ఇన్నేళ్లూ అండీ, అండీ అంటూ వచ్చాను. తాళం పగలగొట్టేవాణ్ణి కూడా అయ్యా అనాలా? నేననను. తీసెయ్యండా అయ్యాని!"

"అమ్మా, వాళ్ల భాషలో రా అనే మాటే లేదు. నువ్వన్నా మీరన్నా ఒకటే."

"అయితే మరీ మంచిది. మాట మీరివ్వండి, రా నేను చూసుకుంటాను."

ఏజెంటు యజమాని వైపు చూశాడు. యజమాని చాలాసేపు చెవి గోక్కుని, "చెప్పండి సార్, ఏం పోయింది," అన్నాడు. అయ్యా పోయింది, దయచేసి పోయింది. మిగిలినవి పొట్టి మాటలు మూడో నాలుగో. ఆమె గాలి పీల్చుకుని అరిచింది. ఆ భాష ముక్క కూడా రాని ప్యాకింగు ముసలాయన చేతిలో అట్టపెట్టె జారవిడిచాడు.

ఏజెంటు దాన్ని ఫోనులో అక్కడి వ్యాపారికి వినిపించాడు. అవతలి నుంచి నవ్వు, ఆ వెనక ఏవో మాటలు.

"ఒప్పుకున్నాడు," అన్నాడు ఏజెంటు, తనకే నమ్మకం లేనట్టు. "ఎవరో తిడుతున్నారని అతని గుమాస్తా పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చాడట. కాకపోతే, కాస్త తగ్గించి మళ్లీ ఒకసారి చెప్పమంటున్నాడు."

షెడ్డంతా ఆమె వైపే చూస్తోంది. సైరనక్క బల్ల మీది అలారం తిప్పి, వెనకున్న చిన్న చక్రం చూపించింది.

"తగ్గించుకునే చక్రం డబ్బాకుందని చెప్పండి. కొన్నాక తిప్పుకుంటాడో మానుకుంటాడో ఆయనిష్టం. నాకు మాత్రం లేదు."

ఏజెంటు ఆ మాట ఫోనులో ఎలా చెప్పాడో ఏమో, ఆర్డరు మాత్రం నిలిచింది. ఆ వారమంతా షెడ్డులో పరీక్షకు పెట్టిన డబ్బా తర్వాత డబ్బా పరభాషలో అరిచింది. ఎదురింటాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమమ్మా, ఇప్పుడు ఏ భాషలో తిడుతున్నావు?" అని అడిగాడు.

"మీకు కావలసినదాంట్లో తిడతాను, ముందా కిటికీ వేసుకోండి!" అంది సైరనక్క, ఇంకో డబ్బా దగ్గరికి లాక్కుంటూ.