ఐస్ పెట్టెలో తూటాలు, ఎండలో ఫోను

ఆ రోజుల్లో తూటా సూటిగా పోతుందని నమ్మే అమాయకుల్లో నేనూ ఒకణ్ని. ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకోకండి, చేతిలో స్మార్ట్‌ఫోను, నెత్తి మీద ఏసీ ఉన్న రోజులే. బుర్ర ఒక్కటే వెనకబడి ఉండేది. ట్రిగ్గర్ నొక్కితే ఎదురుగా ఉన్నదానికి తగులుతుంది, ఇందులో లెక్కలేముంటాయి అనుకునేవాణ్ని. ఈ కాలపు తూటా ఫోనును అడగందే గడప దాటదని తర్వాత తెలిసింది. ఫోనేమో నన్ను అడిగేది. నేను ఎవరిని అడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అప్పుడు నేను మస్కట్ పక్కన మబేలాలో ఒక ఒమానీ ఇంట్లో డ్రైవరుగా చేస్తున్నాను. మాది జగిత్యాల దగ్గరి పల్లె. ఇంటి యజమానిని అక్కడ పనివాళ్లంతా 'బాబా' అనే పిలుస్తారు. మా బాబా పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రిటైరైనవాళ్లు మనశ్శాంతి కోసం మొక్కలు పెంచుతారు, చేపలు పెంచుతారు. ఈయన లైసెన్సు తీసుకుని రైఫిల్ కొన్నారు. కారణం మేడం తమ్ముడు. ఏటా ఈద్ అయ్యాక బంధువులంతా అల్ అమెరాత్ దాటి కొండల మధ్య ఉన్న షూటింగ్ మైదానానికి వెళ్లి గురి పోటీ పెట్టుకుంటారు. ఏటా ఆ తమ్ముడే గెలుస్తాడు. తాత ఇచ్చిన పాత రైఫిల్, ఒక కన్ను మూయడం, ఇంతే ఆయన టెక్నాలజీ. గెలిచి ఊరుకుంటే బాగుండేది. బావగారికి ఖహ్వా పోసిన ప్రతిసారీ (ఖహ్వా అంటే అక్కడి కాఫీ, అది పోయని గంట ఒమాన్‌లో ఉండదు) ఆ సంగతి గుర్తుచేసేవాడు.

బాబా పట్టుదలగా ఒక యాప్ కొన్నారు. వివరాలన్నీ ఇస్తే ఎనిమిది వందల మీటర్ల అవతల తూటా ఎంత కిందికి జారుతుందో, గాలికి ఎంత పక్కకు పోతుందో చెబుతుంది. వివరాలు ఇచ్చేవాడు కావాలి కదా. నేను ఇంటర్ ఎంపీసీ అని ఎప్పుడో నోరు జారాను (పాసయ్యావా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు). ఆ రోజు నుంచి యాప్ నా ఫోనులోకి ఎక్కింది, నా పేరు 'కంప్యూటర్' అయింది. తూటా బరువెంత, గాలి ఎటు, ఎండ ఎంత, రైఫిల్ మీది దుర్భిణి దాని గొట్టానికి ఎంత ఎత్తులో ఉంది... ఆ యాప్ అడిగినన్ని ప్రశ్నలు మా ఊళ్లో పెళ్లిళ్ల పేరయ్య కూడా అడగడు. చేతిలో చిన్న ఫ్యాను బొమ్మలాంటి గాలి మీటరు పట్టుకుని, ఎండలో నిలబడి, "హవా కితనా, కంప్యూటర్?" అన్నప్పుడల్లా చాలా గంభీరంగా ఏదో ఒక అంకె చెప్పేవాణ్ని. ఫోనులో మా అమ్మకు చెబితే, "గాలి సూసుడేంది బిడ్డా? డ్రైవరు పని ఇడిసిపెట్టినవా?" అని గాభరా పడింది. ప్రమోషన్ అని చెప్పాను.

పేరయ్య ఊరికే గుర్తురాలేదు. కోరుట్ల వైపు నుంచి నాకొక సంబంధం వచ్చింది. పిల్ల ఫోటో చూశాక నాకు అన్నం సహించలేదు. వాళ్ల నాన్న మాత్రం ఖరాఖండిగా చెప్పాడట: ఈ నెలాఖరులోగా పిలగాడు స్వయంగా వచ్చి చూడాలి, లేకపోతే వాళ్లకు ఇంకో సంబంధం తయారుగా ఉంది. లీవు కోసం బాబా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన సగం హిందీలో, సగం అరబ్బీలో తేల్చేశారు. "ముందు పోటీ. నువ్వు పోతే యాప్ ఎవరు నొక్కుతారు? నేను గెలిస్తే మర్నాడే నీ టికెట్. ఓడితే మళ్లీ ప్రాక్టీసు." అంటే నా పెళ్లి ఇప్పుడు ఒక తూటా ముక్కు మీద ఆధారపడి ఉంది. దేశంలో ఎంతమంది దేవుళ్లున్నారో అంతమందికీ మొక్కాను. ఇంత శ్రద్ధ ఇంటర్‌లో చూపించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకె, తూటా రైఫిల్ గొట్టం నోట్లోంచి బయటపడేటప్పుడు ఉండే వేగం. అది తప్పితే మిగతా అంకెలన్నీ దండగ. దాన్ని కొలిచే యంత్రాన్ని బాబా తెప్పించారు. రైఫిల్ ముందు నిలబెట్టి, దాని పైనుంచి తూటా వెళ్లేట్టు కాల్చాలి. బాబా గురి పెట్టి సరిగ్గా యంత్రాన్నే కాల్చారు. అంతకుముందు ఎప్పుడూ ఆయన గురి అంత చక్కగా కుదరడం నేను చూడలేదు. రెండో యంత్రం పక్కన పెట్టి కొలిచే రకం తెప్పించాం. దాంతో కొలుద్దామని కూర్చోగానే ఎవరో ఒక బంధువు కారు దిగేవాడు. మనిషి వచ్చాక ఖహ్వా పోయకుండా ఇంకో పని చేయడం అక్కడ జరగదు. చాప పరవాలి, ఖర్జూరాలు పెట్టాలి, చాలని చెప్పేదాకా గిన్నెలు నింపాలి, పిల్లల క్షేమం, మేకల క్షేమం అడగాలి. ఆ సేపంతా తూటాల డబ్బా కారు బానెట్ మీద వేగుతూ ఉండేది. మర్యాదలన్నీ అయ్యాక కాల్చి, వచ్చిన వేగాన్ని యాప్‌లో ఎక్కించాను. ఆ తర్వాత ప్రాక్టీసుకు పోయిన ప్రతిసారీ ఇదే వరస: ముందు ఖహ్వా, తర్వాత గురి. యాప్ చెప్పినట్టే గురి పెడితే అవతలి ఇనుప పలక టంగుమని మోగేది. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను. రూమ్‌లో ఉన్న మనవాళ్లతో "డిఫెన్సు లెక్కలు, బయట చెప్పొద్దు" అన్నాను. వాళ్లు నన్ను కూరగాయలు తెమ్మనడం మానేశారు, అదొక్కటే లాభం.

పోటీ రోజున ఇల్లంతా కదిలింది. సామాన్లు సర్దింది అక్క. అక్కంటే ఆ ఇంట్లో వంటపని చూసే కడప ఆవిడ, నోరు ఎంత కారమో మనసు అంత మెత్తన. బావమరిది ముందు కాల్చాడు. ఒక కన్ను మూశాడు, ఐదింటిలో నాలుగు కొట్టాడు, మీసం దువ్వుకున్నాడు. తర్వాత బాబా. ఆ రోజు ఖహ్వా వద్దన్నారు, సైన్సుకు ఆటంకమట. అక్క ఐదు తూటాలు గిన్నెలో పెట్టి తెచ్చి చాప పక్కన ఉంచి వెళ్లింది. నేను గాలి చెప్పాను, యాప్ ఎత్తు చెప్పింది, బాబా బిస్మిల్లా అని నొక్కారు. పలకకు బాగా కింద ఇసుక లేచింది. రెండోదీ అక్కడే. "హవా గలత్," అని బాబా నా వైపు చూశారు. గాలి ఇంకోసారి చూసి ఫోను తీశాను కదా, ఎండలో వేడెక్కిపోయి, చల్లబడేదాకా పని చేయనని తెర మీద రాసిపెట్టి నల్లబడింది. కోరుట్ల పిల్ల ఫోటో కూడా అదే ఫోనులో ఉంది.

ఫోనును ఐస్ పెట్టెలో పెడదామని పరిగెత్తి మూత తీశాను. లోపల లబన్ మజ్జిగ సీసాలకూ కీరదోసకాయలకూ మధ్య మా తూటాల డబ్బా హాయిగా పడుకుని ఉంది. "ఇక్కడెందుకు పెట్టినవక్కా?" అన్నాను. "ఎండకు పేల్తాయేమోనని పెట్న్యా. ఏమైందబ్బా?" అంది అక్క. ఏమైందో నాకు అప్పుడే తట్టింది. ఆ యాప్‌లో అన్నిటికన్నా అడుగున ఒక గడి ఉండేది: తూటాలోని మందు వేడి ఎంత? పక్కనే 'తప్పనిసరి కాదు' అని ఉండటంతో రోజూ వదిలేసేవాణ్ని. మందు వేడిగా ఉంటే తూటా జోరుగా పోతుంది, చల్లబడితే నీరసిస్తుంది. బానెట్ మీద వేగిన తూటాల వేగం కొలిచి, ఐస్‌లో బిగుసుకున్న తూటాలను కాలుస్తున్నాం. చల్లగా ఉండాల్సిన ఫోను ఎండలో, ఎండలో ఉండాల్సిన తూటాలు ఐస్‌లో. మా సైన్సు అంత చక్కగా అమరింది.

"బాబా, గోలీ ఠండా," అన్నాను, ఫోనును ఐస్‌లో వదిలేసి వెళ్లి. ఆయన గిన్నెలో వేలు పెట్టి చూశారు. మిగతా మూడూ అంచనా మీద ఎత్తి కాల్చారు. ఒకటి పలక అంచును గీరింది, ఒకటి కొండకు తగిలింది, ఇంకోటి ఎటుపోయిందో కొండను అడగాలి. బావమరిది స్వయంగా ఖహ్వా తెచ్చి పోశాడు. "తాగు బావా, వేడిగా ఉంది. ఆ ఫోనుకు కూడా కొంచెం పోయనా? ఐస్‌లో జలుబు చేస్తుంది." అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

సామాన్ల బండిలో నేనూ అక్కా ముందు బయల్దేరాం. నేను రోడ్డు మీదే కళ్లు పెట్టి నడిపాను. కొండ దిగేదాకా చూసి తనే అంది. "ఏమబ్బాయ్, మూతి ముడుచుకున్యావు? నీ లీవు నేను పోగొట్న్యానా?"

"మరెవలు పోగొట్టిన్రు?"

"పొద్దున మేడం ఫోన్లో చెప్తాంటే ఇన్యా. బాబా గెల్చింటే సలాలాలో ఇంకా పెద్ద పోటీకి పేరు ఇచ్చేదంట. ఆ పిల్లోడు ల్యాకుంటే ఫోను ఎవరు నొక్కేది, వాణ్ని ఇప్పుడు పంపను అన్నాడంట. గెల్చింటే నువ్వు సలాలాలో కొబ్బరి చెట్ల కింద గాలి కొల్చుకుంటా ఉందువు."

నేను నమ్మలేదు. ఇంటికి చేరాక బాబా రైఫిల్‌ను అల్మారాలో పెట్టి తాళం వేశారు. నన్ను పిలిచారు. "షూటింగ్ ఖలాస్. ఆ యాప్ తీసెయ్. నీకు ఇక్కడ ఇంక ఏం పని? లీవు మీద ఇంటికి పో, పెళ్లి చూసుకుని రా." నేను ఏ గెలుపు కోసం దేశంలోని దేవుళ్లందరినీ విసిగించానో, అదే వచ్చి ఉంటే నాకు పెళ్లి తప్పిపోయేది. దేవుళ్లకు లెక్కలు నాకన్నా బాగానే వచ్చు.

కోరుట్లలో పిల్ల ఎదురుగా కూర్చుంది. గల్ఫ్‌లో ఏం పని అని వాళ్ల నాన్న అడగ్గానే నేను మొదలుపెట్టాను: గాలి, ఎత్తు, తూటా వేగం, మందు వేడి, చివరికి అక్క ఐస్ పెట్టె. పేరయ్య ఆవలించాడు. ఆ అమ్మాయి మాత్రం చివరిదాకా విని ఒక్కటే అడిగింది. "గంత ఉపకారం చేసిన అక్కకు ఏమన్న పెట్టి వచ్చిన్రా?" ఎనిమిది వందల మీటర్ల సంగతి చెప్పగలిగినవాడికి ఈ సంగతి తోచనే లేదు. బిక్కముఖం వేశాను. ఆమె నవ్వింది. సంబంధం కుదిరింది.

ఇప్పుడు నా తల సగం నెరిసింది. ఆ కుర్రాడు గాలి మీటరు పట్టుకుని పెద్ద సైంటిస్టులా నిలబడటం తలుచుకుంటే నవ్వూ వస్తుంది, వాడి మీద జాలీ వేస్తుంది. ప్రతి లీవు తర్వాత మా ఆవిడ సకినాల డబ్బా ఒకటి విడిగా కట్టి ఇస్తుంది, అది మబేలాలో అక్కకు చేరాలి. అక్క డబ్బా అందుకుని, మూత మీద చెయ్యి పెట్టి చూసి, ప్రతిసారీ ఇదే అడుగుతుంది.

"దీన్ని ఎండలో పెట్న్యావా, ఐస్‌లో పెట్న్యావా అబ్బాయ్?"