గోటి పరీక్ష చేయని మైకు

రాజమండ్రిలో ఒక సంగీత పరికరాల దుకాణంలో నాలుగేళ్ళు పనిచేసి, ఇరవై ఏడో ఏట ఉద్యోగ విరమణ చేశాను. నిజానికి రాజీనామా అనాలి. కానీ యజమాని గారు శాలువా కప్పి, పూతరేకుల పెట్టె చేతిలో పెట్టి, నా సేవలను కొనియాడారు కాబట్టి విరమణ అనడమే మర్యాద. నా హోదా టెక్నికల్ ఎగ్జిక్యూటివ్. దుకాణంలో ఉన్న ముగ్గురమూ ఎగ్జిక్యూటివ్‌లమే; పొద్దున్నే వంతులవారీగా ఊడ్చేదీ మేమే. ఇళ్ళకు వెళ్ళి మిక్సర్‌ను కంప్యూటర్‌కు కలిపి, పాట రికార్డయ్యేలా చేసి రావడం నా విధి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనక్కర్లేని పని అనుకుని చేరాను.

చేరిన రెండో ఏడు, శ్రీరామనవమికి రెండు రోజుల ముందు, ఆత్రేయపురం దగ్గరి ఒక ఊళ్ళో సోమయాజులు మాస్టారి ఇంటికి నాకు డ్యూటీ పడింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. రాముడి మీద పదకొండు చరణాల పాట రాసి, బాణీ కూడా తనే కట్టుకున్నారు. నవమి పందిట్లో పాడతానని ఏటా అడిగేవారు. గుడి కమిటీ వారు ఏనాడూ కాదనలేదు. మా వైపు ఎవరూ ఎవరినీ కాదనరు. "పెన్‌డ్రైవ్‌లో ఇచ్చెయ్యండి మాస్టారూ, కల్యాణం అవగానే వేసేద్దాం" అన్నారు. ఆ పెన్‌డ్రైవ్ ఎన్నటికీ రాదన్న ధైర్యం కొద్దీ అన్న మాట అది. మాస్టారు మిక్సరూ, మైకూ, లాప్‌టాపూ కొని కూర్చున్నారు. ఆ సాయంత్రం ఐదింటికి కమిటీ ప్రెసిడెంటు గారు పెన్‌డ్రైవ్ కోసం వస్తారు. అప్పటికి పాట అందకపోతే మళ్ళీ వచ్చే నవమే.

పని పెద్దదేమీ కాదు. మైకు తీగ మిక్సర్‌కు పెట్టాలి. మిక్సర్ నుంచి ఇంకో తీగ కంప్యూటర్‌కు పెట్టాలి. అసలు చిక్కు దాని తర్వాత వస్తుంది. లాప్‌టాప్‌కు తెర పైభాగంలో సూది బెజ్జమంత సొంత మైకు ఒకటి ఉంటుంది. శబ్దాన్ని మిక్సర్ నుంచే తీసుకోమని మనం రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంచి చెప్పకపోతే, అది తన చెవితోనే వింటుంది. చెప్పినా ఒక్కోసారి పాత అలవాటుకే పోతుంది. అందుకే గోటి పరీక్ష. మైకు జాలీ మీద గోటితో కొట్టాలి. తెర మీద పచ్చగీత ఎగరాలి. తర్వాత లాప్‌టాప్ మూత మీద కొట్టాలి, గీత కదలకూడదు. ఈ రెండూ అయితే తప్ప పాట మొదలుపెట్టకూడదని దుకాణం నియమం.

తీగలన్నీ కలిపి, సాఫ్ట్‌వేర్‌లో మిక్సర్ పేరు ఎంచి, మైకు దగ్గరికి వెళ్ళేసరికి మాస్టారి భార్య కామేశ్వరి గారు దానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, మెడలో చామంతిపూల దండ వేసి, హారతి ఇస్తున్నారు. నేను గోరు ఎత్తాను.

"అయ్యయ్యో, అదేంటమ్మా! పూజ చేసిన వస్తువుని గోటితో కొడతారా ఎవరైనా?"

"పరీక్ష చెయ్యాలండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"వర్జ్యం వచ్చేస్తోంది, కానివ్వమ్మా" అన్నారు మాస్టారు.

ఇంకోసారి చెప్పాలి. చెప్పలేదు. మిక్సర్‌కు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆయన గొంతు చక్కగా వినపడింది. తెర మీద గీత కూడా ఎగిరింది. చాలనుకున్నాను. మిక్సర్ దగ్గర వినపడేది మైకు మాటే తప్ప కంప్యూటర్ రాసుకుంటున్నది కాదని, గదిలో ఎవరు పాడినా లాప్‌టాప్ సొంత చెవికీ గీత ఎగురుతుందని నాకు బాగా తెలుసు. తెలిసిన సంగతి సమయానికి గుర్తు రాకపోవడాన్నే మా వృత్తిలో అనుభవం అంటారు.

ఇరవై రెండు నిమిషాలు పాడారు. లాప్‌టాప్ పక్కనే సోఫాలో కామేశ్వరి గారూ, ఆవిడ తమ్ముడు విశ్వం గారూ భక్తిగా కూర్చున్నారు. పాట ముగియగానే విశ్వం గారు లేచి, "బావగారూ, రాముడే దిగొచ్చి వింటున్నట్టుందండీ!" అన్నారు. కామేశ్వరి గారు కళ్ళు ఒత్తుకున్నారు. మాస్టారు పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చారు. అప్పటికి మూడున్నర.

ఎక్కించేముందు హెడ్‌ఫోన్స్‌ను లాప్‌టాప్‌కు మార్చి విన్నాను. మొదట ఫ్యాను. తర్వాత నూతిలోంచి వస్తున్నట్టు మాస్టారి గొంతు. దానిమీద, చెవిలో చెప్పినంత దగ్గరగా విశ్వం గారు.

"అక్కా, ఇంకెన్నే?"

"నాలుగే అయ్యాయి. నోర్మూసుకుని కూర్చో."

"రాముడు అడవికెందుకెళ్ళాడో ఇప్పుడర్థమైంది."

"ముప్పై ఏళ్ళుగా వింటున్నాన్రా నేను. నువ్వొక్క పూట వినలేవూ? అదిగో, ఆరోది. ఇక్కడ శ్రుతి తప్పుతారు. ఎప్పుడూ ఇక్కడే."

ఎల్లుండి ఇది పందిట్లో నాలుగు లౌడ్‌స్పీకర్లలో ఊరంతా వినబోతోంది. నా దగ్గర మాస్టారు సంతకం పెట్టవలసిన ఫారం ఉంది. అందులో 'కస్టమర్ సంతృప్తి చెందారు' అన్న గడి ఉంది; చెందలేదు అన్న గడి లేదు. కరెంటు మీదో, కంప్యూటర్ మీదో నెట్టేయొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"తప్పు నాదండి. మైకు రికార్డవలేదు. మళ్ళీ పాడాలి" అన్నాను.

"మరి ఏది రికార్డయింది?"

హెడ్‌ఫోన్స్ ఆయన ముందుకు జరిపాను. మాస్టారు హెడ్‌ఫోన్స్ తీసుకుని తలకు పెట్టుకున్నారు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళలా, ఒక్క నిమిషం కూడా వదలకుండా ఇరవై రెండు నిమిషాలూ విన్నారు. సంగతి గ్రహించిన విశ్వం గారు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టారు.

మాస్టారు హెడ్‌ఫోన్స్ తీసి భార్య వైపు తిరిగారు.

"ఆరో చరణమా?"

"ఊఁ."

"ముప్పై ఏళ్ళూ చెప్పలేదేం?"

"మీరు బావుందా అనే అడిగేవారు కదండీ. ఎలా ఉందని ఎప్పుడడిగారు?"

ఆయన ఆలోచించారు. లెక్కల మాస్టారు కదా, వాదనలో తప్పు దొరకలేదు. "విశ్వం, నువ్వెళ్ళి కాలవ గట్టు మీద కూర్చో. రాముణ్ణి అడవి నుంచి వెనక్కి రప్పించాక పిలుస్తాను" అన్నారు. తర్వాత మైకు మెడలోని దండ తనే తీసి, "కొట్టమ్మా" అన్నారు.

కొట్టాను. పచ్చగీత కదల్లేదు. లాప్‌టాప్ మూత మీద కొట్టాను. ఎగిరింది. సాఫ్ట్‌వేర్ మూసి, మళ్ళీ తెరిచి, మిక్సర్ పేరు మళ్ళీ ఎంచాను. ఈసారి గీత మైకుకు ఎగిరింది, మూతకు ఎగరలేదు. మాస్టారు ఆరో చరణం వదిలేసి, మిగిలిన పదీ పాడారు. ఐదుకు పది నిమిషాల ముందు పెన్‌డ్రైవ్ సిద్ధమైంది. ప్రెసిడెంటు గారు దాన్ని రెండు చేతులా అందుకున్నారు. మాటిచ్చిన పాపానికి నవమి నాడు వేశారు కూడా. బావుందని ఊరంతా అన్నారట. ఎలా ఉందని మాత్రం మాస్టారు తన భార్యనే అడిగారట.

మొదటి ఫైలు తీసెయ్యమంటారా అని అడిగితే వద్దన్నారు. దానికి 'విమర్శ' అని పేరు పెట్టించుకున్నారు. ఫారంలో సంతృప్తి గడి పక్కన ఎర్రసిరాతో నూటికి అరవై అని వేసి సంతకం చేశారు. యజమాని గారికి ఆ అంకె అర్థం కాలేదు.

ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యం రాసుకుని, మర్నాడు దాన్నే దుకాణం నియమాల పట్టీలో చేర్చాను: గోటి పరీక్ష హారతికి ముందే చేయాలి. హారతి అయ్యాక ఈ జిల్లాలో లోపం ఎవరూ చెప్పరు.