ఇసుక కింద గయ్యాళి

మా అక్కకు కోపమొస్తే చేపలు కూడా ఇసుకలో దూరతాయని మావయ్య అందరికీ చెబుతుంటాడు. అది అబద్ధం. ఆ చేపలు రోజూ చీకటి పడగానే ఇసుకలో దూరి పడుకుంటాయి, అక్కకు కోపం ఉన్నా లేకపోయినా. కాకపోతే అక్కకు కోపం లేని రోజు నేనైతే చూడలేదు.

మావయ్యది చేపల ప్రదర్శనశాల. పాత గిడ్డంగిలో రెండు వరుసల గాజు తొట్లు, మధ్యలో తడి ఆరని నడవ, బట్టలకు పట్టి వదలని ఉప్పువాసన. తొట్లు అతికించడం, మూతలు బిగించడం నా పని. లోపల ఈదేవాటి బాగోగులన్నీ అక్కవి. తలుపుకెదురుగా ఉన్న పెద్ద తొట్టి ఆమెకు ప్రాణం. అందులో ఉండేవే ఆ ఇసుకలో దూరే చేపలు, వాటిని రాస్ అంటారు: ఒక మగది, దాని వెంట అరడజను ఆడవి. మగదానికి ఆకుపచ్చ ఒళ్లు, చెంపల మీద గులాబీ చారలు. పెళ్లికొడుకులా ముస్తాబై తిరిగేది. ఆడవి వెలిసిపోయిన పసుపు. జనం చూసేది మగదాన్నే.

అక్కకు ఈ చేపలు సముద్రంలోనే పరిచయం. నాన్నతో పడవలో వెళ్లి, నీట మునిగి, పగడాల దిబ్బల దగ్గర రంగు చేపలు పట్టేది. నాన్న పోయాక (నేనప్పటికి పసివాణ్ణి), మగదిక్కు లేని ఇంటికి పడవెందుకు, అమ్మేయమని చుట్టాలు అమ్మ బుర్ర తినేశారు. అక్క వాదించలేదు. మర్నాడు ఇంజను విప్పి, తుడిచి, మళ్లీ బిగించి సముద్రం మీదికి వెళ్లిపోయింది. చుట్టాలు ఆమెకు గయ్యాళి అని పేరు పెట్టారు. నేను తిన్నదీ చదివిందీ ఆ గయ్యాళి కష్టంతోనే. మునిగీ మునిగీ చెవులు దెబ్బతిన్నాకే ఆమె మావయ్య దగ్గర చేరింది.

ఎగిరి దూకడం రాస్‌లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒక సాయంత్రం మగది మూతలో గొట్టం కోసం వదిలిన సందులోంచి దూకి, నడవలో పడి చచ్చిపోయింది. తలుపుకెదురుగా వెలిసిపోయిన చేపలుంటే ఎవడొస్తాడని మావయ్య తల పట్టుకున్నాడు. రాస్‌లను ఎవరికైనా ఇచ్చేసి, బడి సెలవులకల్లా ఆ తొట్టిలో పిల్లలు గుర్తుపట్టే నారింజ చేపలు వేస్తానన్నాడు. సెలవుల దాకా ఆగమంది అక్క. మగది వీటిలోంచే వస్తుందట.

ఆ సంగతి ఆమెకు సముద్రంలో తెలిసింది. ఒక దిబ్బ దగ్గర మగదాన్ని పట్టుకుపోతే, మళ్లీ వెళ్లేసరికి అక్కడ ఇంకో మగది ఉండేది. ఎక్కడినుంచో వలస వచ్చిందనుకునేవాడు నాన్న. కానీ ఒకసారి వచ్చినదానికి తోక అంచు కొరికినట్టుంది. అలాంటి తోకనే అక్క అంతకుముందు ఆ దిబ్బ దగ్గరే ఒక ఆడదానికి చూసింది. మగది పోతే ఆడవాటిలో పెద్దది మగదై ఇల్లు నడుపుతుందని అప్పుడే తేల్చుకుంది. మావయ్య ఒప్పుకున్నాడు, నమ్మి కాదు, అక్క నోటికి జడిసి.

మా తొట్టిలో పెద్దదానికి ఎడమ రెక్క కొస విరిగి ఉంటుంది. మగది పోయిన రోజు నుంచే అది మిగతావాటిని తరమడం మొదలెట్టింది. దానికి గయ్యాళి అని పేరు పెట్టాను. అక్క కొరకొరా చూసి, తర్వాత నవ్వేసింది.

వారాలు గడిచాయి. దౌర్జన్యమే తప్ప గయ్యాళికి రంగు రాలేదు. ఒక చిన్నదాని తోక చిరిగేసరికి మావయ్య మనసు ఆగలేదు. కొట్లాడేదాన్ని వేరే తొట్టిలో వేయడం మా పనిలో అందరూ చేసేదే. కానీ దాన్ని తీసేస్తే ఇంకొకటి మగదవడం మొదటినుంచి మొదలెట్టాలి. సెలవులు ముంచుకొస్తున్నాయి.

ఆ సాయంత్రం దీపాలు తీసేశాక, స్టూలెక్కి, భుజం దాకా చెయ్యి ముంచి ఇసుకలో వెతుకుతున్నాడు మావయ్య. అక్క బకెట్టు కింద పెట్టింది.

"చెయ్యి తియ్యి మావయ్యా."

"అది మిగతావాటిని బతకనివ్వడం లేదే."

"నాన్న పోయినప్పుడు నేనూ ఎవర్నీ బతకనివ్వలేదు. నన్ను ఒక్క మాటైనా అనంది నువ్వొక్కడివే. దాన్నీ ఏమీ అనకు."

మావయ్య చెయ్యి తీశాడు. తడి చొక్కాకు తుడుచుకుంటూ స్టూలు దిగాడు.

ముందు చెంప మీద ఒక గులాబీ గీత వచ్చింది. తర్వాత తలనుంచి ఆకుపచ్చ దిగింది. అప్పటికే ఊరెళ్లి ఉన్న మావయ్య సెలవులు మొదలయ్యే రోజున తిరిగొచ్చి, తొట్టి చూసి, అక్కను పక్కకు పిలిచాడు. తనకు చెప్పకుండా కొత్త మగదాన్ని ఎక్కడినుంచి తెచ్చావని నిలదీశాడు. అక్క ఎడమ రెక్క చూపించింది. ఆయన వంగి, కళ్లజోడు గాజుకు తగిలేలా చూశాడు. కొస విరిగే ఉంది.

ఆ రోజు పొద్దువాలే వేళ తొట్టి ముందు పిల్లలు కిక్కిరిసి ఉండగా, గయ్యాళి ఒక ఆడదాన్ని వెంటబెట్టుకుని సర్రున పైకి లేచింది. రెండూ నీటి అంచున ఒక్కసారి మెలితిరిగాయి. గుడ్లు పొగలా విడివడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇది మొన్నటిదాకా ఆడదేనని, మా మేనకోడలు ముందే చెప్పిందని మావయ్య కనబడ్డవాడికల్లా చెప్పుకొచ్చాడు.

జనం వెళ్లాక ఆ తొట్టికి ఒక పేరుపలక చేయమన్నాడు. ఏం రాయాలన్నాను.

"గయ్యాళి అని రాయరా," అన్నాడు.

నేను భయంగా అక్క వైపు చూశాను.

"పెద్ద అక్షరాలతో రాయి," అంది అక్క. "దూరం నుంచి కూడా కనబడాలి."