పైన్ చెట్టుకి పెళ్లి

అరవైల చివర్లో మా గజపతినగరంలో కాలేజీ మెట్లెక్కినవాడంటే సర్వజ్ఞుడే. నేను విజయనగరంలో వృక్షశాస్త్రం చదువుతున్నానని తెలిసిన దగ్గర్నుంచీ వంగమొక్క వాడినా, బీరపాదు పూత రాల్చినా కబురు నాకే. (నా మార్కులు చూసిన మా నాన్న మాత్రం ఏ మొక్కనీ నాకు అప్పగించలేదు.) అలాంటి నా దగ్గరికి సెలవుల్లో మా మేనత్త గుప్పెడు గింజలు పట్టుకొచ్చింది.

అవి వాళ్ల పెరట్లో పైన్ చెట్టువి. అత్తకి ఒక్కగానొక్క కొడుకు, మా బావ, అడవిశాఖలో చేరి, శిక్షణకని ఉత్తరాది కొండలకెళ్లి ఆ మొక్క తెచ్చి నాటాడు. మరుసటేడే జ్వరంతో పోయాడు; పదిహేనేళ్లయింది. ఇప్పుడా చెట్టు పైనుంచి ఎండుకొస్తోంది. అది పోయేలోగా దాని పిల్ల ఒక్కటైనా మొలవాలని అత్త ఆరాటం.

"ఎన్ని ఎట్టినా మొలవట్నేదురా. ఏటి సెయ్యాలో సెప్పు."

గింజ చిదిపితే లోపల బోలు. గొంతు సవరించుకున్నాను. "ఒంటి చెట్టత్తా. దాని పుప్పొడి దానిమీదే పడుతోంది. సొంతవాళ్లలోనే కలిస్తే గింజ పట్టదు. ఇదే జాతిది, చుట్టరికం లేని చెట్టు ఇంకోటి కావాలి" అన్నాను. సొంత మేనమామనే చేసుకున్న అత్త నన్ను ఎగాదిగా చూసింది. నేను నాలిక కరుచుకున్నాను.

"అయితే పెళ్లి సేసేద్దాం" అంది.

రావికీ వేపకీ ముడిపెట్టే ఊళ్లో ఇదేం వింత కాదు. మావయ్య సముద్రపొడ్డునుంచి సరుగుడు మొక్కని బస్సులో తెచ్చాడు. "ఆకు సూడు, ఒక్కలాగే ఉన్నాది. ఈడూజోడూ!" అన్నాడు. ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదని, ఎంత గాలి వీచినా ఈ జంట కాయదని నేను మొత్తుకున్నాను. "పెళ్లికొడుకు వైపోడివి, నువ్వు కూకోరా" అని పీట వేసి కూర్చోబెట్టారు. పసుపుతాడు కట్టారు. తలంబ్రాలు సగం నా నెత్తినే పడ్డాయి. వీధి వీధంతా పులిహోర తిని వెళ్లింది.

మళ్లీ కాయలు విచ్చుకున్నాక గింజలు ఏరి బేసిన్లో నీళ్లు పోసి వేశాను. అన్నీ తేలాయి, బోలువే. ఒక్కటైనా మునుగుతుందేమోనని కలుపుతూ కూర్చున్నాను. అత్త వచ్చి పక్కనే చతికిలబడింది.

"తెల్సురా. మొలవవని నువ్వు అప్పుడే సెప్పినావు గదా. ఆడికి పెళ్లి సెయ్యనేకపోయేను. ఆడి సెట్టుకైనా సేసేను."

నాకు ఏడుపు ఆగలేదు.

ఆ వేసవికే చెట్టు పోయింది. నేను మేష్టారినయ్యి, ఏటేటా పుప్పొడి పాఠం చెప్పాను. ఒంటి చెట్టు సంగతి దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయేది. మేష్టారికి పడిశం పట్టిందని పిల్లలు పాపం లేచి కిటికీలు మూసేవారు. నేను వద్దనేవాణ్ణి కాదు.