చివరి చక్కెర

ఆరేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. ఆ రోజు వేడి మీట నొక్కింది నేనే. చదివాక నా మీద జాలి పడకండి. నేను అడగడం లేదు.

మాది నోయిడాలో ఒక ల్యాబు. రక్తంలోని ప్రొటీన్లకు కొమ్మల్లా అంటుకున్న చక్కెరలను విడదీసి, జబ్బు చేసినవాళ్లలో అవి ఎలా మారతాయో చూస్తాం. కొమ్మ చివర ఉండే చక్కెర చాలా సున్నితం. కాస్త యాసిడ్ ఉన్న నీళ్లలో వేడి తగిలితే రాలిపోతుంది. అందుకే నమూనాలను యంత్రంలో వేడి పెట్టకుండా, గాలి లాగేసి, నెమ్మదిగా ఎండబెట్టాలి. ఐదారు గంటలు పడుతుంది. కొత్తవాళ్లకు ఆ మాట నేర్పేది నేనే.

ఆ శుక్రవారం ఆఫీసు క్యాబు ఆరింటికి. త్వరగా ఎండాలని అరవై డిగ్రీలు పెట్టాను. క్యాబు అందింది.

ఫలితాల్లో ఒక్క నమూనాలోనూ చివరి చక్కెర లేదు. రక్తాన్ని ఐస్ లేకుండా ఎండలో తెచ్చి ఉంటారని మా సర్ తేల్చేశారు. ఆర్.కె. పురం క్లినిక్‌లో రక్తం తీసి, పెట్టె మోసుకొచ్చి నా చేతికిచ్చింది సుగుణ సిస్టర్. తెనాలి వైపు మనిషి. సంగతి తెలిసి నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, పెట్టె అందుకుంది మీరేగా. సర్‌తో ఒక్క మాట చెప్పండి."

"కనుక్కుందాం సిస్టర్."

"కనుక్కోడానికేముంది? ఐస్ మీ చేతికి తగిలిందా, లేదా?"

నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

"ఠీక్ హై. మీ చేతికి తిమ్మిరెక్కిందేమో లెండి," అని వెళ్లిపోయింది.

ఆ పని నుంచి ఆమెను తీసేశారు. తర్వాత క్లినిక్ వాళ్లూ ఉంచుకోలేదు. భయపడ్డానా? సరే, మొదటి నెల భయమే. మరి ప్రమోషన్ వచ్చాక, ఎవరూ నన్నేమీ అనలేని కుర్చీలో కూర్చున్నాక, అప్పుడు కూడా నోరు విప్పకపోవడాన్ని ఏమంటారు? నాకు తెలుసు. ఆ మాటకు మెత్తటి పేరు వెతకను.

ప్రతి రోగి రక్తంలో సగం డీప్ ఫ్రీజర్‌లో దాచి ఉంచుతాం. పోయిన నెల ఆ పాత పెట్టెలు పారేయమన్నారు. పారేయలేదు. సిస్టర్ తెచ్చిన రక్తంలోంచి పది గొట్టాలు తీసి, వేడి పెట్టకుండా, పూర్తిగా ఎండేదాకా పక్కనే కూర్చున్నాను. చివరి చక్కెర పదింటిలోనూ ఉంది. ఆమె తెచ్చిన రక్తంలో ఏ లోపమూ లేదు.

సర్‌కి చూపించాను. "అందరూ మరిచిపోయారు, ఇప్పుడెందుకయ్యా తవ్వుతావు?" అన్నారు. మరిచిపోయే హక్కు మనకు లేదన్నాను. నా ఉద్యోగం మాట తర్వాత చూద్దామన్నారు. చూసుకోనివ్వండి.

పాత రిజిస్టరులో "సేకరణ లోపం" అన్న మాట కొట్టేసి, "వేడి పెట్టింది నేను" అని రాసి సంతకం చేశాను. ఆ పేజీ, కొత్త ఫలితాలు క్లినిక్‌కి పంపాను. సిస్టర్‌కీ పంపాను. క్షమించమని రాయలేదు. ఆమె అడిగినదానికి ఆరేళ్ల క్రితం ఇవ్వాల్సిన జవాబు మాత్రం రాశాను.

"ఐస్ తగిలింది సిస్టర్. నా చేతికి తిమ్మిరేమీ లేదు."