పడుగు పట్టే చేతులు

ఈ రోజు పొద్దున తువ్వాళ్లు నేయమని చెప్పడానికి వర్ధన్నపేట నుంచి కాశిబుగ్గ వెళ్లాను. నేత పని చేసే రాజయ్య అప్పటికే వీధి పొడవునా పడుగు, అంటే బట్టకు నిలువు పోగులు, చాపి గంజి పెడుతున్నాడు. గంజి ఆరేలోగా కుంచెలతో దువ్వి పోగులన్నీ విడదీయాలి. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు, వాడకట్టంతా చేయి వేయాలి. అక్కడున్నది మాత్రం రాజయ్య, అతని భార్య లచ్చవ్వ, ఇంకా మగ్గం నేసే పక్కింటి ముసలాయన. సంచి పక్కన పెట్టి నేనూ ఒక కుంచె అందుకున్నాను.

"గట్ల రుద్దుతవేంది తమ్మీ, ఎడ్లను కడుగుతానవా?" అని లచ్చవ్వ నవ్వింది.

మా చేతులు చాలలేదు. ఎండ ముదిరి గంజి ఆరిపోయింది, నడుమ పోగులు అట్టకట్టాయి. విడదీయబోతే తెగాయి.

"మీ వాడోళ్లు ఏరి అన్నా?" అని రాజయ్యను అడిగాను.

"అందరు భీవండి పోయిండ్రు, కరెంటు మగ్గాల మీదికి. ఐతారం మేం గూడ పోతానం. తువ్వాళ్లు ఇంకెవలకన్న చెప్పుకో."

"నీకు ఈడ పనున్నది గదా, నువ్వెందుకు పోవుడు?"

"నేసుడంటే ఒక్కన్నే నేస్త. పడుగు ఒక్కన్నే ఎట్ల పట్టాలె తమ్మీ?"

పని లేకనే మనుషులు రాష్ట్రం దాటిపోతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. పని ఉండి కూడా పోతారని ఇవాళ తెలిసింది. మీ వాడలో పడుగుకు ఇంకా ఎందరు వస్తున్నారో ఒకసారి చూసుకోండి.

నేను బయలుదేరుతుంటే ముసలాయన మెల్లగా అడిగాడు.

"మరి నా పడుగు ఎవలు పడుతరు రాజయ్యా?"

రాజయ్య తెగిన పోగు ఇంకొకటి అందుకుని అతికాడు.